మంచి స్పీకర్లు కొన్నాం, మరి యాంప్ ఏది కొనాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి పాటల పిచ్చి ఉన్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ముచ్చటపడి మంచి స్పీకర్లు కొంటారు, యాంప్లిఫయర్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను ఇంజినీరును కాను. నెల్లూరు వేదాయపాళెంలో రెండు గదుల ఇంట్లో ఏళ్ళ తరబడి యాంపులు మారుస్తూ, ఒకటి రెండు కాలుస్తూ నేర్చుకున్నవాణ్ణి.

స్పీకర్ల వెనక 100 వాట్లు అని ఉంది. యాంప్ కూడా సరిగ్గా 100 వాట్లదే కొనాలా?

అక్కర్లేదు. ఆ అంకె స్పీకరు తట్టుకోగల పై హద్దు. లారీ మీద పది టన్నులని రాసి ఉంటే రోజూ పది టన్నులు ఎక్కించమని కాదు కదా. స్పీకరు కాగితాల్లో మీరు వెతకాల్సింది వేరే అంకె. దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో డెసిబెల్స్‌లో చెబుతుంది. ఇంట్లో వాడే స్పీకర్లలో చాలావాటికి ఇది 84 నుంచి 90 మధ్య ఉంటుంది.

లెక్క ఒకసారి చేసి చూద్దాం. మీ స్పీకరు 86 డెసిబెల్స్‌ది అనుకోండి. మీరు మూడు మీటర్ల దూరంలో సోఫాలో కూర్చుంటారు. దూరం వల్ల కొంత తగ్గుతుంది, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్లా రెండో స్పీకరు వల్లా కొంత కలుస్తుంది. చివరికి ఒక్కో స్పీకరుకు ఒక వాట్ ఇస్తే సోఫా దగ్గర సుమారు 82, 83 వస్తుంది. రాత్రి భోజనాలయ్యాక మామూలుగా వినేది 70, 75 దగ్గర. అంటే మీరు వాడుతున్నది ఒక వాట్‌లో పదో వంతు, మహా అయితే అయిదో వంతు!

మరి యాంప్‌కి అన్ని వాట్లెందుకంటే, మృదంగం మీద దెబ్బ పడినప్పుడు, డోలు ఒక్కసారిగా ఎత్తుకున్నప్పుడు శబ్దం సగటు కన్నా 15, 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. రెప్పపాటే, కానీ ఆ రెప్పపాటులో యాంప్ ఇవ్వగలగాలి. పది డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు వాట్లు కావాలి, ఇరవై పెరగాలంటే నూరు రెట్లు. పై ఉదాహరణలో సగటున 75 దగ్గర వింటుంటే 95కి లేచే దెబ్బకు పదహారు వాట్లు చాలు. సగటు 85 దగ్గర వినే అలవాటుంటే 105కి లేవాలి, దానికి 150 వాట్లు దాటుతుంది.

ఇందులోంచే ఇంకో సంగతి. 50 వాట్ల యాంప్ మాని 100 వాట్లది కొంటే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి అది 'కొంచెం ఎక్కువైంది' అనిపిస్తుందంతే, రెట్టింపు అనిపించదు. అదే 86 స్పీకరు బదులు 92 స్పీకరు కొంటే నాలుగో వంతు వాట్లతో పని జరిగిపోతుంది. అందుకే ఎవరైనా 'యాంప్ ఏది కొనమంటావు?' అంటే 'స్పీకరు ఏది, గది ఎంత, ఎంత సౌండుతో వింటావు?' అని ఎదురు అడుగుతాను. మన ఊళ్ళలో పది, పదిహేనడుగుల గదికి నిజమైన 40 నుంచి 80 వాట్లు ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది.

నా స్పీకర్లు 4 ఓమ్‌లవి. ఏమైనా జాగ్రత్త ఉందా?

ఉంది. కరెంటుకు స్పీకరు చూపే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. అవి తగ్గేకొద్దీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇవ్వలేని యాంప్ వేడెక్కి ఆగిపోతుంది, లేదంటే గొంతు మారుస్తుంది. అసలు స్పీకరు ఓమ్‌లు ఒకే అంకె దగ్గర నిలవవు, స్వరస్థాయిని బట్టి పైకీ కిందికీ పోతుంటాయి. కెఫ్ వాళ్ళ ఎల్‌ఎస్‌50 మెటా అనే స్పీకరును చూడండి. కాగితం మీద 8 ఓమ్‌లు, కానీ అత్యల్పంగా 3.5 దాకా దిగుతుందని కంపెనీయే రాసింది. సెన్సిటివిటీ 85. చూడ్డానికి చిన్న పెట్టె, ఆకలి మాత్రం పెద్దది.

అందుకని యాంప్ కాగితంలో 8 ఓమ్‌ల దగ్గర ఎంత, 4 ఓమ్‌ల దగ్గర ఎంత అని రెండు అంకెలూ ఉన్నాయో లేదో చూడండి. డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈ లాంటి మామూలు యాంప్‌కి 8 దగ్గర 45, 4 దగ్గర 70 అని ఇస్తారు. రెండోది మొదటిదానికి రెట్టింపుకు ఎంత దగ్గరగా ఉంటే లోపల పవర్ సప్లై అంత గట్టిదన్నమాట. 4 ఓమ్‌ల అంకె ఎక్కడా లేకపోతే నేనైతే అనుమానిస్తాను.

ఒక కిటుకు కూడా ఉంది. సెన్సిటివిటీని చాలా కంపెనీలు 2.83 వోల్టులకు కొలుస్తాయి. 8 ఓమ్‌ల స్పీకరుకు అది ఒక వాట్, 4 ఓమ్‌లకు రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకరు మీద 88 అని ఉంటే వాట్ లెక్కన అది 85 కిందే జమ.

రెండు జతల 8 ఓమ్‌ల స్పీకర్లను ఏ, బీ మీటలు రెండూ నొక్కి ఒకేసారి మోగించినా చాలా యాంపులకు కనిపించేది 4 ఓమ్‌లే. హాల్లో ఒక జత, వంటింట్లో ఒక జత పెట్టుకునేవాళ్ళు ఇది మర్చిపోతారు.

తక్కువ వాట్ల యాంప్ వాడితే స్పీకరు కాలిపోతుందంటారు. నిజమా?

తక్కువ వాట్ల వల్ల కాలదు. తక్కువ వాట్లున్న యాంప్‌ని శక్తికి మించి తోస్తే కాలుతుంది. నాకు జరిగింది.

ఓ సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. అప్పుడు నా దగ్గర 25 వాట్ల యాంప్ ఉండేది, కొత్తగా కొన్న స్పీకర్ల సెన్సిటివిటీ 84. మా బావ పక్కన నిలబడి 'ఇంకొంచెం పెంచు బావా, వీధిలోకి వినపడాల' అంటాడు. నేను వాల్యూమ్‌తో పాటు బాస్ మీట కూడా చివరికి తిప్పేశాను. అరగంట బాగానే మోగింది. తాళాల చప్పుడు చితికిన రేకులా వినిపిస్తోందని మా ఆవిడ వంటింట్లోంచి అంది. పట్టించుకోలేదు. కనుమ నాటికి ఎడమ ట్వీటరు, అంటే పెట్టెలో పై స్వరాలు పలికే చిన్న స్పీకరు, మూగబోయింది. కొన్న దుకాణంలో వారంటీ అడిగితే 'వాయిస్ కాయిల్ కాలింది, అది మీ వాడకం' అని తేల్చేశారు. నిజమే, తప్పు నాదే.

జరిగింది ఏమిటంటే, యాంప్ ఇవ్వగల వోల్టేజీ అయిపోయాక అల తల తెగి బల్లపరుపు అవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన అంచుల్లోంచి అసలు పాటలో లేని పై స్వరాలు పుట్టుకొస్తాయి. అవన్నీ కింది స్వరాలను, పై స్వరాలను విడదీసే క్రాస్‌ఓవర్ దాటుకుని తిన్నగా ట్వీటరు మీద పడతాయి. ట్వీటరులో ఉండే తీగ వెంట్రుకంత సన్నం, నిలకడగా కొద్ది వాట్లకు మించి మోయలేదు. సౌండు గరగరలాడినా, తాళాలు చితికినట్టున్నా వెంటనే తగ్గించండి. చిన్న యాంపే అయినా ఈ ఒక్క చెవి ఉంటే స్పీకరు పదేళ్ళు బతుకుతుంది.

వాల్యూమ్ మీట సగానికి మించి తిప్పకూడదా?

మీట ఎక్కడుందనేదాన్ని బట్టి వాట్లు తెలియవు. ఇప్పటి డాక్‌లు (డిజిటల్ పాటను మామూలు సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) 2 వోల్టుల సిగ్నల్ ఇస్తాయి. చాలా యాంపులు 200 నుంచి 500 మిల్లీవోల్టులకే పూర్తి శక్తికి చేరతాయి. అందువల్ల మీట పావు దాటకముందే ఇల్లు అదురుతుంది. ఫోన్ నుంచి సన్నటి సిగ్నల్ వస్తే అదే యాంప్‌లో ముప్పావు దాకా తిప్పాల్సి రావచ్చు. చెవిని నమ్మండి, మీటను కాదు.

డబ్బా మీద 1000 వాట్లు, 2000 వాట్లు అని ఉంటుంది. అది నిజమేనా?

పీఎంపీఓ అని కనిపిస్తే ఆ అంకెను చూడనట్టే ఉండండి. అది వీధి చివర జాతర రాట్నం మీద రాసిన బోర్డు లాంటిది. మీకు కావలసింది ఆర్‌ఎంఎస్ అని వాడుకలో ఉన్న నిలకడ శక్తి. అది కూడా షరతులతో రాసి ఉండాలి: ఎన్ని ఓమ్‌ల దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకానా లేక ఒక్క వెయ్యి హెర్ట్జ్ దగ్గరేనా, వక్రీకరణ ఎంత శాతం, ఎడమ, కుడి రెండు చానళ్ళూ కలిసి మోగుతుండగా కొలిచారా, ఒక్కటేనా. వెయ్యి హెర్ట్జ్, 10 శాతం వక్రీకరణ దగ్గర కొలిస్తే ఏ యాంప్ అయినా పహిల్వానే. ఈ గోల తట్టుకోలేకే అమెరికాలో 1974లో వాట్లు ఎలా కొలిచి ప్రకటించాలో ప్రభుత్వం నిబంధన పెట్టింది, 2024లో దాన్ని మళ్ళీ బిగించింది. మన దగ్గర కాగితం చదివే పని మనదే.

వాట్లే అన్నీ కాదనడానికి పాత ఉదాహరణ ఒకటి. 1970ల చివర్లో వచ్చిన నాడ్ కంపెనీ 3020 యాంప్ కాగితం మీద 20 వాట్లే. కష్టమైన స్పీకర్లను కూడా లాగగలిగేది కాబట్టి ఇప్పటికీ దాన్ని వెతుక్కుని కొనేవాళ్ళున్నారు.

ఆన్‌లైన్‌లో అరచేతంత యాంపులు 300 వాట్లని అమ్ముతున్నారు. కొనొచ్చా?

వాటి మీద నాకు చిన్నచూపు లేదు. టీపీఏ3255 అనే చిప్పుతో వచ్చే చిన్న పెట్టెలు ధరకు మించి మోగుతాయి. కాకపోతే రాసిన వాట్లు రావు. తెలుసుకోవడం సులువు: అడాప్టర్ మీద వోల్టులు చూడండి. ఆ అంకెను దానితోనే గుణించి 16తో భాగిస్తే 8 ఓమ్‌ల స్పీకరుకు ఒక చానల్లో రాగల గరిష్ఠ వాట్లు తెలుస్తాయి. 32 వోల్టులైతే 64 వాట్లు. 48 అయితే 144. అసలుకు అంతకన్నా కొంచెం తక్కువే వస్తుంది. ఆ మీదట అడాప్టర్ మొత్తం శక్తి కూడా చూడాలి. 48 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 240 వాట్లు. రెండు చానళ్ళూ కలిపి నిలకడగా అంతకు మించి ఎక్కడి నుంచి వస్తుంది?

32 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే నిజమైన యాభై, అరవై వాట్లు చాలా ఇళ్ళకు బ్రహ్మాండంగా సరిపోతాయి. మా పడకగదిలో ఇప్పుడున్నది అలాంటిదే. ఇబ్బంది వచ్చేది రిపేరు దగ్గర. చెడిపోతే చేసేవాళ్ళు ఊళ్ళో దొరకరు, పారేసి కొత్తది కొనుక్కోవడమే.

ఏ క్లాసు, ఏబీ క్లాసు, డీ క్లాసు అంటున్నారు. మనకేది మంచిది?

క్లాసు అంటే బళ్ళో క్లాసు లాంటిది కాదు, ఏ గొప్పదీ కాదు డీ మొద్దూ కాదు. ట్రాన్సిస్టర్లు కరెంటును ఎలా వాడతాయన్నదే తేడా. ఏ క్లాసులో పాట ఉన్నా లేకపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది, దాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. సౌండు తియ్యగా ఉంటుందని పేరు, నేను విన్నవి బాగానే ఉన్నాయి. కానీ రోహిణి కార్తెలో నెల్లూరులో ఏ క్లాసు యాంప్ ఆన్ చేసి చూడండి! ఒక స్నేహితుడి దగ్గర ఉండేది. ఏసీ బాగు చేయడానికి వచ్చిన కుర్రాడు దాని మీద చెయ్యిపెట్టి 'ఏందన్నా, ఇది ఇస్త్రీపెట్టా?' అన్నాడు. అలాంటి యాంప్ 200 వాట్లు లాగుతుంటే రోజుకు నాలుగు గంటలకు నెలకు 24 యూనిట్లు. దాని వేడిని బయటికి తోయడానికి ఏసీ ఖర్చు వేరే.

ఏబీ క్లాసు మధ్యేమార్గం. మామూలు ఇంటిగ్రేటెడ్ యాంపులు, అంటే అన్నీ ఒకే పెట్టెలో ఉండేవి, ఎక్కువ ఇవే. పైన ఓ నాలుగు వేళ్ళు కాదు, జానెడు ఖాళీ వదలండి. టీవీ స్టాండు అరలో తోసి తలుపు మూయకండి. డీ క్లాసు 90 శాతం దాకా కరెంటును పనికి వాడుకుంటుంది, వేడి తక్కువ. పదిహేనేళ్ళ కిందట వాటి పై స్వరాలు నాకు ఎండుగా వినిపించేవి. హైపెక్స్, ప్యూరిఫై కంపెనీల మాడ్యూళ్ళతో వచ్చేవి విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మన ఎండలకు, మన కరెంటు బిల్లులకు కొత్తగా కొనేవాళ్ళకు నా ఓటు ఏబీకి గానీ మంచి డీకి గానీ.

వాల్వు యాంప్ పెట్టుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. పెట్టుకోనా?

ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో నడిచేది అది. కోరికైతే పెట్టుకోండి, స్పీకరును చూసుకుని. ఒక్క 300బీ వాల్వుతో నడిచే యాంప్ చానల్‌కి ఎనిమిది వాట్లకు అటూ ఇటూ ఇస్తుంది. సెన్సిటివిటీ 95కి పైనున్న హార్న్ (బూర ఆకారపు) స్పీకర్లతో అది స్వర్గం, 85 స్పీకర్లతో దానికి ఆయాసం. ఈఎల్34 జంటలతో వచ్చేవి ముప్పై, నలభై వాట్లిస్తాయి కాబట్టి 89, 90 స్పీకర్లతో సుఖంగా నడుస్తాయి. వాల్వు యాంప్‌ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే యాంప్ వైపు ఉండే ఓమ్‌లు, ఎక్కువ. దానివల్ల స్పీకరు ఓమ్‌లు ఎగుడుదిగుడుగా ఉంటే సౌండు కూడా దాని వెంటే ఎగుడుదిగుడవుతుంది. కొందరికి ఆ మార్పే నచ్చుతుంది, తప్పు లేదు. వెనక 4, 8 ఓమ్‌ల టెర్మినళ్ళు విడివిడిగా ఉంటాయి, మీ స్పీకరుకు తగ్గదానికి కలపండి. స్పీకరు తీగలు ఊడి ఉండగా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే జాలీ మూత తీయకండి. లోపల వందల వోల్టులుంటాయి.

సినిమాల కోసం ఏవీ రిసీవర్ ఉంది. పాటలకు కూడా అదే చాలదా?

మామూలు స్పీకర్లకు చాలు. ఏడు చానళ్ళకు ఒకే పవర్ సప్లై ఉంటుంది కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్లు పెట్టి గట్టిగా వినేవాళ్ళకు ఇబ్బంది. రిసీవర్ వెనక ప్రీ-అవుట్ (వేరే యాంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉంటే ముందు రెండు స్పీకర్లకు విడిగా స్టీరియో యాంప్ తగిలించుకోవచ్చు. యాంప్‌లో హోమ్ థియేటర్ బైపాస్ (రిసీవర్ సిగ్నల్‌ని తన వాల్యూమ్ మీటతో పని లేకుండా తీసుకునే దారి) ఉంటే ఇంకా హాయి. ఉన్నదాన్ని అమ్మేయక్కర్లేదు.

పెళ్ళిళ్ళకు వాడే మైక్ సెట్ యాంప్ మా బాబాయి దగ్గర ఖాళీగా ఉంది. దాన్నే వాడుకోవచ్చా?

మోగుతుంది, కానీ దాని పని వేరు. వంద గజాల అవతలికి గొంతు వినిపించడానికి చేసింది అది. సద్దు లేని గదిలో దాని బుస, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తాయి. వెనక 100 వోల్టుల లైన్ టెర్మినల్ ఉంటుంది. పొరపాటున ఇంటి స్పీకరు దానికి తగిలిస్తే ఆ స్పీకరు సంగతి అంతే.

మా ఊళ్ళో మెకానిక్ తక్కువలో అసెంబుల్ చేసిస్తానంటున్నాడు.

పనితనం ఉన్నవాడైతే చేయించుకోండి. నేను మొదట విన్న మంచి యాంప్ అలాంటిదే, 5200, 1943 ట్రాన్సిస్టర్ల జంటతో చేసింది. మూడు సంగతులు అడగండి: ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని ఆంపియర్లది, స్పీకర్ ప్రొటెక్షన్ రిలే (యాంప్‌లో లోపం వస్తే స్పీకరును విడదీసేది) పెడుతున్నాడా, ట్రాన్సిస్టర్లు ఎక్కడ కొంటున్నాడు. ఆ జంటకు మార్కెట్లో నకిలీలు కొల్లలు. ఇంటికి తెచ్చాక స్పీకర్లు కలపకముందే మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి అవుట్‌పుట్ టెర్మినళ్ళ మధ్య చూడండి. యాభై లోపు ఉండాలి. వోల్టుల్లో కనిపిస్తే ఆ పెట్టెను అలాగే తిరిగి తీసుకెళ్ళండి. ఈ పరీక్ష సెకండ్‌హ్యాండ్ యాంప్ కొనేటప్పుడు కూడా చేస్తాను. అమ్మేవాళ్ళు ఏమనుకున్నా సరే.

మా అబ్బాయి అమెరికా నుంచి యాంప్ తెస్తానంటున్నాడు. ఇక్కడ పని చేస్తుందా?

ఒంగోలు వైపు నుంచి ఈ ప్రశ్న రాని నెల లేదు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. వెనక పలక మీద 100 నుంచి 240 అని ఉంటే నిశ్చింతగా తెమ్మనండి, పిన్ను మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాంప్ లాగేదానికి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. మామూలు ఇంటిగ్రేటెడ్‌కి 500 వీఏ అయినా ఉండాలి. కొన్ని పాత జపాను యాంపుల వెనక వోల్టేజీ మార్చే మీట ఉంటుంది, ముందు అది చూడమనండి. అలవాటు కొద్దీ ఒక్కసారి నేరుగా మన ప్లగ్గులో పెట్టారో, పొగే.

బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. విమానంలో ఒక పెట్టెకు సాధారణంగా 23 కిలోలు. యాంపే పది, పన్నెండు. పచ్చళ్ళ సీసాలతో వెళ్ళిన పెట్టె యాంప్‌తో తిరిగొస్తుందన్నమాట.

కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. స్టెబిలైజర్, ఇన్వర్టర్ మీద యాంప్ నడపొచ్చా?

వోల్టేజీ 200 నుంచి 240 మధ్య ఆడుతుంటే మంచి యాంప్‌కి స్టెబిలైజర్ అక్కర్లేదు. పల్లెల్లో మోటార్లు ఆన్ అయినప్పుడు 170కి పడి, ఆగగానే 260కి ఎగిరే లైన్లుంటాయి. అలాంటి చోట సర్వో స్టెబిలైజర్ పెట్టుకోండి. మామూలు రిలే స్టెబిలైజర్ టక్కు టక్కుమని మారినప్పుడల్లా స్పీకరులో వినిపిస్తుంది.

ఇన్వర్టర్ సైన్‌వేవ్‌దే అయి ఉండాలి. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ల మీద ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, ఆ గుర్రు పాటలోకీ వస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల కాలం. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి. డిష్ కేబులు, ఇంటర్నెట్ కేబులు కూడా. స్విచ్ ఆపితే సరిపోదు, పిడుగుకు స్విచ్‌లోని చిన్న ఖాళీ ఒక లెక్కా? సర్జ్ ప్రొటెక్టర్ చిన్నాచితకా ఎగుళ్ళకు పనికొస్తుంది, దగ్గర్లో పిడుగు పడితే అదీ యాంపూ కలిసే పోతాయి.

స్పీకరులోంచి 'హుం' అని వస్తూనే ఉంది. యాంప్ లోపమా?

చాలాసార్లు కాదు. ముందు కరెంటు తీగ, స్పీకరు తీగలు ఉంచి, యాంప్‌ ఇన్‌పుట్‌లకు వచ్చే తీగలన్నీ పీకి ఆన్ చేయండి. హుం పోతే యాంప్ తప్పు కాదు. ఇప్పుడు ఒక్కొక్కటే కలుపుతూ రండి. నా అనుభవంలో దొంగ ఎక్కువగా డిష్ కేబులో, కంప్యూటరో. ఆ రెండిటికీ యాంప్‌కీ వేర్వేరు ప్లగ్గుల్లోంచి ఎర్త్ వస్తుంటే మధ్యలో ఒక చుట్టు ఏర్పడి హుం పుడుతుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెస్తే చాలామందికి తీరిపోతుంది.

మూడో పిన్ను తీసేస్తే హుం పోతుందని చెప్పే మహానుభావులు ఉంటారు. పోతుంది. లోపల ఏదైనా తీగ బాడీకి తగిలిన రోజు మీరూ పోతారు. ఆ పని చేయొద్దు. దానికి బదులు ఇంటి ఎర్త్ గుంత చూడండి. వేసవిలో ఎండి రాయిలా అయిపోయి ఉంటుంది, ఓ రెండు బిందెల నీళ్ళు పోస్తే బతికొస్తుంది.

స్పీకరులోంచి కాకుండా యాంప్ పెట్టెలోంచే గుర్రు వస్తుంటే పాతకాలపు ఫ్యాన్ రెగ్యులేటరునో, లైట్ డిమ్మరునో ఆపి చూడండి.

స్పీకరు తీగ ఏది కొనాలి? వేలకు వేలు పెట్టాలా?

వద్దు. అయిదు మీటర్ల లోపైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. పోను రాను పది మీటర్లకు దాని నిరోధం 0.08 ఓమ్‌ల లోపే, 8 ఓమ్‌ల ముందు అది ఎంత! ట్రంకు రోడ్డులో ఎలక్ట్రికల్ దుకాణంలో మీటరు లెక్కన దొరుకుతుంది. ఎరుపు, నలుపు తారుమారు కాకుండా కలపండి. ఒక పక్క తిరగబడితే బాస్ మాయమవుతుంది, ఆ తప్పుకు యాంప్‌ని తిట్టినవాళ్ళను చూశాను.

ఒకే స్పీకరులో పై స్వరాలకూ కింది స్వరాలకూ విడివిడిగా తీగలు వేయడం (బై-వైరింగ్), విడివిడిగా యాంపులు పెట్టడం (బై-యాంపింగ్) అవసరమా?

లేదు.

కొత్త యాంప్ కొన్నాక కూడా పాట రొదగానే ఉంది. మళ్ళీ మార్చాలా?

ముందు హాల్లో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. 'టంయ్' అని సాగితే జబ్బు గదిది. ప్రకాశం జిల్లాలో కొత్త ఇల్లు కడితే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరచకపోతే గృహప్రవేశం అయినట్టే కాదు. అద్దంలా మెరుస్తుంది, శబ్దాన్ని కూడా అద్దంలాగే తిప్పికొడుతుంది. పైన సిమెంటు శ్లాబు, చుట్టూ నున్నటి పుట్టీ గోడలు. పాటలో ప్రతి మాటా రెండు మూడుసార్లు చెవిన పడుతుంది. ఏ యాంపూ దీన్ని నయం చేయలేదు.

స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరవండి. వెనక గోడకు పుస్తకాల బీరువా, కిటికీలకు బరువైన కర్టెన్లు. ఒకాయన ఇంట్లో చలికాలం బొంతలు రెండు గోడకు తగిలించి వినిపించాను. ఆయన యాంప్ మార్చే ఆలోచన మానేసి కర్టెన్లు కొనుక్కున్నాడు. స్పీకర్లను గోడకు ఆనించకుండా ఓ అడుగున్నర ముందుకు జరపండి. గ్రానైట్ ముక్క మిగిలి ఉంటే పారేయకండి, స్పీకరు స్టాండు కింద వేసుకోవడానికి పనికొస్తుంది.

కొనే ముందు ఎక్కడ వినాలి, ఎలా వినాలి?

మన ఊళ్ళలో షోరూముల్లో దొరికేది ఎక్కువగా సౌండ్‌బార్లు, టవర్ స్పీకర్లు. స్టీరియో యాంపులు వినాలంటే చెన్నై వెళ్ళాల్సిందే. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. రిచీ స్ట్రీట్ విడిభాగాలకు, తీగలకు మంచిది. వినడానికి మాత్రం ముందుగా ఫోన్ చేసి టైము తీసుకుని డెమో గది ఉన్న దుకాణానికి వెళ్ళండి. వీలైతే మీ స్పీకర్లే కారులో వేసుకెళ్ళండి, సిగ్గుపడొద్దు. అన్నిటికన్నా మంచిది ఒక వారాంతం ఇంటికి ఇవ్వగలరా అని అడగడం.

రెండు యాంపులు పోల్చేటప్పుడు సౌండు సమానంగా ఉండాలి. ఒకటి అర డెసిబెల్ ఎక్కువ మోగినా చెవికి అదే 'బాగుంది' అనిపిస్తుంది, అమ్మేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఫోన్‌లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటరుతో స్పీకరు టెర్మినళ్ళ దగ్గర ఏసీ వోల్టులు రెండు యాంపుల్లోనూ ఒకటే వచ్చేలా మీట తిప్పుకుంటే చాలు. సమానంగా పెట్టి వింటే చాలా తేడాలు ఆవిరైపోవడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

పాటలు తెలిసినవే పట్టుకెళ్ళండి. నేను మొదట పెట్టేది బాలు గొంతు. 1946లో పుట్టిన మన నెల్లూరు మనిషి, ఆ గొంతు ఎలా ఉండాలో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చరణం మధ్యలో ఊపిరి తీసుకోవడం, నవ్వు దాచుకుని మాట అనడం వినపడాలి. ఆ తర్వాత నాదస్వరం. అది గట్టిగా ఉన్నా గుచ్చుకోకూడదు. చివరగా సౌండు బాగా తగ్గించి అదే పాట మళ్ళీ. తగ్గించినప్పుడు కూడా మాటలు తేటగా ఉంటే నాకు ఆ యాంప్ పాస్.

యాంప్ మీద ఎంత, స్పీకర్ల మీద ఎంత పెట్టాలి?

స్పీకర్ల మీద ఎంత పెట్టారో అందులో సగం యాంప్‌కి సరిపోతుందని నా లెక్క. 84 లాంటి కష్టమైన స్పీకర్లైతే ఇంకొంచెం. రికార్డు ప్లేయర్ ఉంటే దాని సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ఇన్‌పుట్ ఉన్న యాంప్ చూసుకోండి, లేకపోతే విడిగా ఫోనో స్టేజ్ కొనాలి. ప్లేయర్ ముల్లు ఉండే కాట్రిడ్జ్ ఇచ్చే అయిదు మిల్లీవోల్టులను మామూలు ఇన్‌పుట్‌కి కలిపితే దోమ పాడినట్టుంటుంది.

మాది సముద్రం దగ్గర ఊరు. యాంప్ పాడవకుండా ఏం చేయాలి?

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చబడతాయి, వాల్యూమ్ మీట కరకరమంటుంది. స్పీకరు తీగల కొసలు ఆర్నెల్లకోసారి కొత్తగా చెక్కి కలపండి, లేదా బనానా ప్లగ్గులు పెట్టుకోండి. ఇన్‌పుట్ సాకెట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మీటకు కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇటూ అటూ పాతికసార్లు తిప్పితే కరకర పోతుంది. ఇవన్నీ ప్లగ్గు పీకాకే. వాడకపోయినా వారానికోసారి గంటసేపు ఆన్ చేస్తే లోపలి చెమ్మ ఆరుతుంది.

ఇంకొకటి, ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయనిది: బల్లులు. వెచ్చగా ఉంటుందని గాలి రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి, పవర్ బోర్డు మీద రెండు కాళ్ళు రెండు చోట్ల పెడతాయి. బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. నా రెండో యాంప్ అలాగే పోయింది. ఇప్పుడు పై మూత లోపలి వైపు సన్నటి అల్యూమినియం దోమల జాలీ అంచుకు అంటుకునేలా వేస్తున్నాను, బోర్డుకు ఎక్కడా తగలకుండా. వారంటీలో ఉన్న యాంప్ అయితే మూత విప్పకండి, నాలుగు కాళ్ళ కిందా ఎత్తు రబ్బరు బిళ్ళలు పెట్టి, పక్కన ట్యూబ్‌లైట్ లేకుండా చూసుకోండి. పురుగులు వచ్చేది లైటుకు, బల్లులు వచ్చేది పురుగులకు.